నిషేధం ఉన్న చోట ఆన్‌లైన్ జూదం: ఓడితే డబ్బు పోతుంది, గెలిస్తే వస్తుందన్న నమ్మకం లేదు

మీరు అడిగింది ఇది. మీరుండే చోట ఆన్‌లైన్ జూదం నిషేధం, అయినా వీపీఎన్ (ఏ దేశం నుంచి చూస్తున్నారో దాచే యాప్) పెట్టుకుంటే విదేశీ సైట్లు మామూలుగానే తెరుచుకుంటున్నాయి, తెలిసినవాళ్లు చాలామంది ఆడుతున్నారు, ఎవరినీ పోలీసులు పట్టుకున్నట్టు లేదు, మరి అసలు రిస్క్ ఎంత అని. చివర్లో ఇంకో మాట కూడా రాశారు, ఒక సైట్‌లో మీ డబ్బు ఇరుక్కుందని, విత్‌డ్రా కావాలంటే ముందు "ట్యాక్స్" కట్టమంటున్నారని. దానికి జవాబు ముందే చెప్పేస్తాను: కట్టకండి, పైసా కూడా కట్టకండి. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కొంచెం చూడాలి, ఓపిగ్గా చదవండి.

నేను చాలా ఏళ్లు కార్డు, బ్యాంకు లావాదేవీల వివాదాలు చూసే విభాగంలో పనిచేశాను. "ఈ డబ్బు నేను పంపలేదు", "కొన్న వస్తువు రాలేదు" అంటూ వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటి వెనక అసలు సంగతి ఏదో జూదం సైట్ అయ్యుండేది. అలా వచ్చినవాళ్లు రకరకాల మనుషులు, చదువుకున్నవాళ్లు, లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా. అందరిలోనూ నేను చూసిన ఒకే పోలిక ఏంటంటే, జరిగింది జరిగినట్టు ఎవరికీ చెప్పలేని స్థితిలో ఉండేవాళ్లు. బ్యాంకుకు చెప్పలేరు, పోలీసులకు చెప్పలేరు, ఇంట్లో అసలే చెప్పలేరు. నా దృష్టిలో అసలు రిస్క్ అదే. నిషేధం ఉన్న చోట ఆడటం మొదలుపెట్టిన రోజే ఫిర్యాదు చేసే దారి మూసుకుపోతుంది, ఎదుటివాడికి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు, వాడి వ్యాపారమంతా దాని మీదే నిలబడి ఉంది.

పోలీసుల విషయం ముందు తేల్చేద్దాం, అందరూ మొదట అడిగేది అదే కాబట్టి. ఇది దేశాన్ని బట్టి చాలా మారుతుంది. సింగపూర్‌లో 2022లో చేసిన చట్టం ప్రకారం లైసెన్స్ లేని సైట్‌లో ఆడినవాళ్లకే 10,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ పడొచ్చు. అమెరికాలో 2006 నాటి కేంద్ర చట్టం ఆటగాళ్ల జోలికి పోకుండా, వాళ్ల డబ్బు సైట్లకు చేరవేసే దారుల మీద గురిపెట్టింది. ఆస్ట్రేలియా 2001 చట్టం కూడా నడిపేవాళ్లనే పట్టుకుంటుంది. భారత్‌లో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది, ప్రచారం చేసేవాళ్లకూ డబ్బు మార్గం కల్పించేవాళ్లకూ వేరే శిక్షలు పెట్టింది, ఆడేవాళ్లను మాత్రం నేరస్తులుగా చూడలేదు. అయితే రాష్ట్రాల చట్టాలు విడిగా ఉన్నాయి, వాటిలో కొన్ని ఆడేవాళ్లకూ వర్తిస్తాయి. కాబట్టి పక్కవాడిని పట్టుకోలేదన్నది లెక్కలోకి తీసుకోకండి, మీ చోట చట్టం ఏం రాసిందో చదవండి. ఇంకో సంగతి, ఆడినందుకు శిక్ష లేని చోట కూడా ఆట చుట్టూ చేసే పనులకు శిక్ష ఉంటుంది. బోనస్ కోసం రిఫరల్ లింక్ నలుగురికీ పంపితే అది ప్రచారం కిందికి రావచ్చు. వేరేవాళ్ల గుర్తింపు కార్డుతో అకౌంట్ తెరిస్తే అది వేరే నేరం. మీ బ్యాంకు ఖాతా ఎవరికైనా వాడుకోనిస్తే అది ఇంకా పెద్ద నేరం, దాని గురించి కింద రాస్తాను.

ఇక సైట్ల లైసెన్స్ సంగతి. పేజీ అడుగున ఏదో ముద్ర ఉంటుంది, కురసావో అనో ఇంకేదో ద్వీపం పేరో రాసి ఉంటుంది. అది నిజమైన లైసెన్సే అయినా మీకు ఒరిగేది దాదాపు ఏమీ లేదు. కురసావోలో చాలాకాలం నలుగురు ప్రధాన లైసెన్స్‌దారులు తమ కింద లెక్కలేనన్ని సైట్లకు ఉప లైసెన్సులు ఇచ్చుకుంటూ పోయారు, ఆటగాడి ఫిర్యాదు వినే నాథుడే ఉండేవాడు కాదు; ఆ పద్ధతి మార్చే కొత్త చట్టం 2024 డిసెంబర్‌లో గానీ అమల్లోకి రాలేదు. పైగా నియమాల పేజీ తెరిచి నిషేధిత దేశాల జాబితా చూడండి. చాలా సైట్లలో మీ దేశం పేరు అందులోనే ఉంటుంది, దాని పక్కనే వీపీఎన్ వాడితే గెలిచిన మొత్తం రద్దు చేసే హక్కు మాకుంది అని ఒక వాక్యం ఉంటుంది. మీరు డిపాజిట్ చేసేటప్పుడు ఆ వాక్యం సైటువాళ్లకు గుర్తుండదు. ఓడిపోతున్నంత కాలం కూడా గుర్తుండదు. పెద్ద మొత్తం గెలిచి విత్‌డ్రా నొక్కిన రోజు గుర్తొస్తుంది.

ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తాను, నేను ఇలాంటి చాట్ స్క్రీన్‌షాట్లు చాలా చూశాను. మొదట "మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది, 72 గంటలు ఆగండి" అంటారు. తర్వాత గుర్తింపు కార్డు అడుగుతారు. పంపితే అంచులు కనిపించట్లేదు, మళ్లీ పంపండి అంటారు. తర్వాత కార్డు పట్టుకుని సెల్ఫీ, తర్వాత కరెంటు బిల్లు, తర్వాత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్. ఈలోపు విత్‌డ్రా పక్కన "రద్దు చేసి మళ్లీ ఆడండి" అనే బటన్ వెలుగుతూనే ఉంటుంది. ఈ ఆలస్యంలో చాలామంది విసుగొచ్చి ఆ బటన్ నొక్కేస్తారు, మొత్తం ఓడిపోతారు, గొడవ అక్కడితో తీరిపోతుంది. బ్రిటన్‌లో ఆ బటన్ పెట్టకూడదని జూద నియంత్రణ సంస్థ 2021లో శాశ్వతంగా ఆపేసింది, ఎందుకంటే అది మనిషి బలహీన క్షణం మీద దెబ్బకొట్టే పని అని వాళ్లకు అర్థమైంది. మీరు ఆడే సైట్‌ను అలా ఆపే సంస్థ ఏదీ లేదు. ఆ బటన్‌కు లొంగకుండా నిలబడినవాళ్లకు చివర్లో ట్యాక్స్, ప్రాసెసింగ్ ఫీజు, ఖాతా తెరిపించే ఫీజు అంటూ మొదలవుతుంది. నిజంగా పన్నో ఫీజో ఉంటే ఉన్న బ్యాలెన్స్‌లోనే కోసుకుని మిగతాది పంపొచ్చు కదా, విడిగా కొత్త డబ్బు పంపమనడం ఎందుకు? మీకు ఇప్పుడు వచ్చిన మెసేజ్ ఈ చివరి మెట్టు. అది కడితే ఇంకో ఫీజు వస్తుంది, మీరు కట్టడం ఆపేదాకా వస్తూనే ఉంటుంది.

"పెద్ద సైట్ అయితే నమ్మొచ్చు కదా" అని మీ ప్రశ్న కింద ఎవరో రాశారు. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్ పోకర్, అబ్సల్యూట్ పోకర్ అనే మూడు పెద్ద పోకర్ (ఒక రకం పేకాట) సైట్ల మీద కేసులు పెట్టి వాటి డొమైన్లు స్వాధీనం చేసుకుంది. వాటిలో పోకర్‌స్టార్స్ ఆటగాళ్ల సొమ్ము త్వరగానే తిరిగిచ్చింది. ఫుల్ టిల్ట్ మాత్రం ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లకు సుమారు 39 కోట్ల డాలర్లు బాకీ ఉండగా, బ్యాంకుల్లో ఉన్నది దాదాపు 6 కోట్ల డాలర్లే అని ఆరోపణపత్రం చెప్పింది. ఆటగాళ్ల తెరమీద మాత్రం బ్యాలెన్స్ అంతా అలాగే కనిపిస్తూ ఉంది! చివరికి పోకర్‌స్టార్స్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఫుల్ టిల్ట్‌ను తీసుకుంది కాబట్టి అమెరికా ఆటగాళ్లకు 2014లో డబ్బు రావడం మొదలైంది, దాదాపు మూడేళ్ల తర్వాత. అబ్సల్యూట్ పోకర్ వాళ్లు తమ డబ్బు అడగడానికి దారి తెరుచుకున్నది 2017లో. ప్రపంచమంతా చూస్తున్న కేసులో, ఒక పెద్ద దేశపు న్యాయశాఖ వెంటపడితే జరిగింది ఇది. మూడు నెలలకోసారి పేరు చివర అంకె మార్చుకునే సైట్ కోసం అలా ఎవరు వెంటపడతారు?

ఆట నిజాయితీ సంగతి కూడా అంతే. అల్టిమేట్‌బెట్ అనే పోకర్ సైట్‌లో కొన్ని ఖాతాలకు ఎదుటివాళ్ల ముక్కలు కనిపించేవి, ఆ మోసం కొన్నేళ్లు నడిచింది. అదీ సైట్ బయటపెట్టింది కాదు, కొందరు ఆటగాళ్లు కూర్చుని వేల ఆటల రికార్డులు లెక్కవేసి, ఈ గెలుపులు మామూలుగా సాధ్యం కాదని తేల్చారు. పోకర్‌లో అలా లెక్కవేయడానికి రికార్డు ఉంటుంది. బొమ్మలు తిరిగి ఆగే స్లాట్ ఆటల్లో మీ దగ్గర ఏముంది? పేరున్న కంపెనీల స్లాట్లను అచ్చం అలాగే కాపీ కొట్టి, లోపల లెక్క మార్చి నడిపే సైట్లు ఉన్నాయి, బొమ్మలూ సంగీతం అన్నీ అవే ఉంటాయి కాబట్టి చూసి కనిపెట్టలేరు.

అసలు మోసమే లేదనుకుందాం. అప్పుడు కూడా లెక్క మీ వైపు లేదు. రూలెట్ అంటే అంకెల చక్రం తిప్పి ఆడే పందెం; ఒక సున్నా ఉండే చక్రంలో కాసిన ప్రతి పందెంలో సగటున కేసినో వాటా 2.7 శాతం, రెండు సున్నాల చక్రంలో 5.26 శాతం, స్లాట్లలో మామూలుగా ఒక సున్నా చక్రం కంటే ఎక్కువే ఉంటుంది. బోనస్ లెక్క చూడండి. మీకు 100 బోనస్ ఇస్తారు, దానికి 35 రెట్లు పందెం కాస్తేనే విత్‌డ్రా అంటారు. అంటే 3,500 పందెం కాయాలి. కేసినో వాటా 4 శాతం అనుకుంటే సగటున అందులో 140 పోతుంది. 100 ఇచ్చి 140 లాగేది బోనస్ ఎలా అవుతుంది? ఎప్పుడో ఒకసారి ఎవరో గెలుస్తారు, ఆ స్క్రీన్‌షాటే గ్రూపుల్లో తిరుగుతుంది, ఓడిన వందలమంది స్క్రీన్‌షాట్లు ఎవరూ పెట్టరు.

ఇప్పుడు నేను బాగా ఎరిగిన భాగానికి వస్తాను, డబ్బు వెళ్లే దారి. దీని గురించి చాలా తక్కువమంది మాట్లాడతారు, కానీ ఎక్కువ జీవితాలు తలకిందులయ్యేది ఇక్కడే అని నా నమ్మకం. కార్డు నెట్‌వర్కుల్లో జూదానికి 7995 అనే ప్రత్యేక కోడ్ ఉంది. నిషేధం ఉన్న చోట ఆ కోడ్‌తో వస్తే బ్యాంకు ఆపేస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ అనో బహుమతి వస్తువులు అనో వేరే వ్యాపారం పేరు మీద లావాదేవీ నడిపిస్తారు. నేరుగా ఖాతాకు పంపే చోట ఇంకో పద్ధతి. డిపాజిట్ నొక్కగానే తెరమీద ఒక ఖాతా నంబరో క్యూఆర్ కోడో వస్తుంది, పక్కన పది నిమిషాల టైమర్ పరుగెడుతుంటుంది, ఆ హడావిడిలో మీరు పేరు చూడరు. చూస్తే ఎవరో తెలియని మనిషి పేరుంటుంది, రేపు తెరిస్తే ఇంకొకరి పేరు, ఎల్లుండి ఇంకొకరిది. అవన్నీ అద్దె ఖాతాలు, కాస్త కమీషన్‌కు ఎవరో పాస్‌బుక్కు, సిమ్ము, ఏటీఎం కార్డు అప్పగించేసినవి. ఒక ఖాతా ఫ్రీజ్ అయ్యేలోపు ఇంకోటి సిద్ధంగా ఉంటుంది.

దీనికంటే ప్రమాదం మీరు గెలిచి డబ్బు తీసుకున్నప్పుడు. సైట్ తన ఖాతా నుంచి ఇవ్వాలన్న నియమం ఏమీ లేదు. వేరే ఎవరో పంపబోతున్న డబ్బును నేరుగా మీ ఖాతాకు మళ్లిస్తారు, సైట్ చేతికి ఏమీ అంటదు. ఆ వేరే ఎవరో మీలాంటి ఆటగాడే అయ్యుండాలని లేదు, నకిలీ ఉద్యోగం పేరుతోనో పెట్టుబడి పేరుతోనో ఆ గంటలో మోసపోతున్న మనిషి కావచ్చు. ఆ మనిషి మర్నాడు ఫిర్యాదు చేస్తే పోలీసులకు కాగితం మీద కనిపించేది ఒక్కటే, దొంగిలించిన డబ్బు వచ్చి పడిన ఖాతా మీది. మా దగ్గరికి ఒకాయన ఇలాగే వచ్చారు. చిన్న గెలుపు, జీతం పడే ఖాతాకే తెప్పించుకున్నారు. కొన్ని వారాల తర్వాత ఖాతా మొత్తం ఆగిపోయింది, జీతం లోపల, ఇంటి లోన్ కంతు బయట. ఈ డబ్బు ఎక్కడిది, ఆధారం చూపించండి అని అడిగితే ఆయన దగ్గరున్న ఒకే ఆధారం సైట్‌లోని విత్‌డ్రా పేజీ. అది చూపిస్తే జూదం ఆడినట్టు తానే ఒప్పుకున్నట్టు, చూపించకపోతే మోసగాళ్లతో సంబంధం ఉన్నట్టు. ఆయన మనసు గట్టి చేసుకుని చూపిద్దామనుకునేసరికి సైట్ ఆ చిరునామాలో లేదు. విషయం ఎప్పటికో సర్దుకుంది కానీ, ఫోన్ మోగితే ఉలిక్కిపడే ఆ మనిషి ముఖం నాకు ఇంకా గుర్తుంది. చేసిన నేరానికి పడిన శిక్షా అది? ఏ జరిమానా కంటే ఎక్కువే అనుభవించారు.

అందుకే చెప్తున్నాను, బాకీ తీరుస్తాం మీ ఖాతా వాడుకోనివ్వండి అని ఏ ఏజెంట్ అయినా అడిగితే, ఎంత టెన్షన్‌లో ఉన్నా సరే, ఒప్పుకోకండి. ఓడిపోయి అప్పుల్లో ఉన్నవాళ్లనే ఏరి మరీ అడుగుతారు. అక్కడిదాకా మీరు బాధితులు, ఆ మెట్టు దాటాక నిందితులు. క్రిప్టో అయితే ఈ గొడవ లేదు కదా అనుకోవద్దు, అందులో పంపింది వెనక్కి తెప్పించే దారే ఉండదు.

కేవైసీ పేరుతో పంపిన కాగితాలు, వాట్సాప్ లింకుతో దించుకున్న యాప్‌లు, ఇవి వేరే తలనొప్పి. యాప్ స్టోర్‌లో లేని ఫైల్ ఇన్‌స్టాల్ చేసి మెసేజ్‌లకు, కాంటాక్టులకు అనుమతి ఇస్తే మీ ఓటీపీలు, మీవాళ్ల నంబర్లు అన్నీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. డబ్బు అడిగితే ఇవ్వని రోజున ఆ నంబర్లకు మెసేజ్‌లు వెళ్తాయని బెదిరిస్తారు.

అలవాటు గురించి చెప్పకుండా ఉండలేను, మీరు అడగకపోయినా. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో జూదాన్ని మద్యం, మాదకద్రవ్యాల పక్కన వ్యసనాల అధ్యాయంలోకి మార్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ అది వ్యసన రుగ్మతే. 2009లో వచ్చిన ఒక మెదడు స్కానింగ్ అధ్యయనంలో, కొద్దిలో తప్పిపోయినట్టు కనిపించే ఓటమి కూడా గెలుపుకు స్పందించే భాగాలనే కదిలించిందని తేలింది. మూడో బొమ్మ ఒక్క గడి కింద ఆగడం చూసి "ఈసారి వస్తుంది" అనిపించేది అందుకే. చట్టబద్ధంగా నడిచే చోట దీనికి కొన్ని కళ్లేలైనా ఉన్నాయి, బ్రిటన్‌లో 2020 నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయడం కుదరదు, గామ్‌స్టాప్ అనే, నన్ను ఆడనివ్వకండి అని తమంతట తామే చెప్పుకునే జాబితాలో పేరు నమోదు చేసుకుంటే లైసెన్స్ ఉన్న సైట్లన్నీ ఆ మనిషిని బయటే ఆపాలి. దొంగ సైట్లు "మేము గామ్‌స్టాప్‌లో లేము" అని దాన్నే ప్రచారం చేసుకుంటాయి, అంటే ఎవరు ఆపుకోలేకపోతున్నారో వాళ్లనే పిలుస్తున్నాయన్నమాట. మీరు నాలుగు రోజులు ఆడకపోతే "వీఐపీ మేనేజర్" అని ఒకరు పేరు పెట్టి పలకరిస్తూ బోనస్ పంపుతారు. ఆ పలకరింపును స్నేహం అనుకోకండి, దయచేసి.

పోయినదాన్ని రాబట్టడానికి ఆడుతున్నారా? ఎంత పోయిందో ఇంట్లో తక్కువ చేసి చెప్తున్నారా? ఈ రెండిటికీ అవును అనిపిస్తే డాక్టర్‌ను కలవాల్సిన సమయం వచ్చింది, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. అప్పుల వల్ల బతకాలనిపించట్లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఈ జవాబు ఇక్కడే ఆపి, మీకు దగ్గరైన మనిషికి ఇప్పుడే ఫోన్ చేయండి, లేదా మీ చోట ఉన్న ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కు చేయండి. అప్పుకు దారులు ఉంటాయి, నిజంగా ఉంటాయి, నేను చూశాను.

మరొకటి. ఆ చాట్‌లో అవతల కూర్చున్నది ఎవరో కూడా తెలియాలి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది బలవంతంగా ఆన్‌లైన్ మోసాల పనిలో మగ్గుతున్నారు, ఆ పనుల్లో అక్రమ జూదం కూడా ఉంది. ఫిలిప్పీన్స్ 2024లో విదేశీయుల కోసం నడిచే ఆన్‌లైన్ జూద కంపెనీలను పూర్తిగా నిషేధించడానికి ఇలాంటి నేరాలే కారణమయ్యాయి. మనం పెట్టే డబ్బులో కొంత అలాంటి చోట్లకు చేరుతుందన్నది నన్ను బాధపెట్టే విషయం.

ఇక మీరు ఇప్పుడు చేయాల్సింది. సైట్‌తో వాదించకండి, అనుమానం వస్తే అకౌంట్ మూసేసి చాట్ చెరిపేస్తారు. ముందు నిశ్శబ్దంగా స్క్రీన్‌షాట్లు తీసుకోండి, బ్యాలెన్స్, చాట్, ట్యాక్స్ అడిగిన మెసేజ్, డబ్బు పంపిన ప్రతి ఖాతా పేరు, లావాదేవీ నంబర్, తేదీ. తర్వాత వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి ఆ లావాదేవీలు మోసం కింద నమోదు చేయమనండి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు మిగిలి ఉండే అవకాశం అంత ఎక్కువ, గంటలు గడిస్తే అది నాలుగు ఖాతాలు మారిపోతుంది. బ్యాంకుకు నిజమే చెప్పండి. జూదం అని దాచి "నేను పంపలేదు" అని రాసిస్తే ఆ అబద్ధమే రేపు మీ మీదికి తిరుగుతుంది, అలా తిరగడం నేను చూశాను. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చే ముందు, మీ చోట ఆడేవాళ్లకు కూడా శిక్ష ఉంటే, ఒక లాయర్‌తో అరగంట మాట్లాడండి, ఆ ఖర్చు దండగ కాదు. మీకు ఆ సైట్ నుంచి ఇదివరకు డబ్బు వచ్చి ఉంటే ఆ ఎంట్రీలు కూడా లాయర్‌కు చూపించండి, ఖాతా ఆగితే ఏం చేయాలో ముందే తెలుస్తుంది. యాప్ తీసేసి, పాస్‌వర్డులు మార్చి, గుర్తింపు కార్డు కాపీలు ఇచ్చి ఉంటే మీ పేరు మీద కొత్త లోన్లేమైనా పుట్టుకొస్తున్నాయేమో మీ క్రెడిట్ రిపోర్టులో అప్పుడప్పుడూ చూసుకోండి. చాలా బ్యాంకుల యాప్‌లలో అంతర్జాతీయ చెల్లింపులు ఆపేసే మీట ఉంటుంది, అదీ నొక్కేయండి.

ఇంకొన్ని రోజుల్లో మీకు ఒక మెసేజ్ రావచ్చు, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి అని. మీ నంబరు, మీరు పోగొట్టుకున్న మొత్తం వాళ్లకు తెలిసే ఉంటాయి, ఎందుకంటే ఆ జాబితా అమ్మింది ఆ సైటువాళ్లే అయ్యుంటారు, ఒక్కోసారి వాళ్లే వీళ్లు కూడా. లాయర్ అని చెప్పినా, పోలీసు అధికారి అని గుర్తింపు కార్డు ఫొటో పంపినా, ఆ నంబర్‌ను బ్లాక్ చేసి ఆ స్క్రీన్‌షాట్ కూడా మీ ఫిర్యాదుకు జతచేయండి. ఫిర్యాదు రాసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే, ఖాతా నంబర్లు, పేర్లు తీసేసి ఇక్కడే అడగండి, ఏ వివరం ఎక్కడ రాయాలో చెప్తాను.